ప్రశ్న అడిగి ఆగని మేడమ్

రాజకుమారికి కుదురు లేదన్న సంగతి బ్రూక్షాబాద్‌లో ఆ వీధి వీధంతా ఎరుగును. పొయ్యి మీద కూర ఉడుకుతుండగానే అంట్లు ముందేసుకుంటుంది. అంట్లు సగంలో ఉండగానే కొడుకు స్కూలు బట్టలు వెతుకుతుంది. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే చివర తనే అందుకుని, దానికి జవాబు కూడా తనే చెప్పేసుకుని వెళ్లిపోతుంది. మొగుడు ధనరాజు దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ గదిలో పనిచేస్తాడు. మా ఓడ ఇంజన్ అయినా జెట్టీకి వచ్చాక ఆగుతుంది గానీ ఈవిడ ఆగదని అందరి దగ్గరా వాపోతుంటాడు.

ఊరికే ఆమెను ఆడిపోసుకోకూడదు. పెరిగిన తీరు అలాంటిది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో పుట్టింది. వచ్చినా ఎంతసేపు వస్తుందో దేవుడికి తెలియాలి. చప్పుడు వినబడగానే అన్నం ముద్ద వదిలేసి బిందె పట్టుకుని పరుగెత్తినవాళ్లకే నీళ్లు. మర్యాదగా చెయ్యి కడుక్కుని వచ్చేవాళ్లకు ఖాళీ బిందె. ఓడ టికెట్టయినా, ఆస్పత్రిలో చీటీ అయినా ఇక్కడ అంతే. ఆగితే పోతుందన్న భయం ఆమె కాళ్లలోకి దిగిపోయింది.

అలాంటి మనిషి టీచరు కావాలనుకుంది. అదీ కెమిస్ట్రీ టీచరు.

చదువుకేం తక్కువ లేదు. ఎమ్మెస్సీ పాసయింది. ఏడాదికోసారి కాగితం మార్చే కాంట్రాక్టు మీద రెండు మూడు స్కూళ్లలో పాఠాలు చెప్పింది. బి.ఎడ్. లేదు కాబట్టి ప్రతి వేసవిలోనూ ఈసారి కాగితం వస్తుందా రాదా అని గుండె అరచేతిలో పెట్టుకుని తిరగడమే. చివరికి మొండిపట్టు పట్టి, కొడుకుని అత్తకు అప్పగించి, బి.ఎడ్.లో చేరింది. ఇప్పుడు అంతా అయిపోయి ఒక్కటి మిగిలింది. బయటి పరీక్షాధికారి క్లాసులో కూర్చుని చూసే ఆఖరి పాఠం. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఏడాది ఆగితే పర్మనెంటు పోస్టుకి పెట్టిన వయసు దాటిపోతుంది. అంటే ఇక జన్మంతా ఆ వేసవి కాగితం కోసం ఎదురుచూపులే.

ఆమెకు కెమిస్ట్రీ భయం లేదు. భయమంతా ఆగడం గురించే.

కాలేజీలో ఆమె పాఠాల్ని చూసే లెక్చరర్ అరుణకుమారి మొదటి రోజే ఆమె రోగం కనిపెట్టేసింది. "ప్రశ్న అడిగాక ఆగాలి రాజకుమారీ. పిల్లాడు వినాలి, ఆలోచించుకోవాలి, ధైర్యం తెచ్చుకోవాలి. నువ్వేమో అడగడం, నువ్వే చెప్పడం. ఇక వాళ్లెందుకు క్లాసులో?" అంది. రెండో పాఠం అయ్యాక ఇంకా గట్టిగా అంది. "నువ్వు ప్రశ్న అడుగుతున్నావా, వాళ్ల మీదికి రాయి విసిరి పారిపోతున్నావా?" మూడోసారి తల మాత్రం అడ్డంగా ఊపింది. ఆ ఊపు చూశాక రాజకుమారికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఎన్ని వేషాలు వేసిందో! ప్రశ్న అడిగి నాలుక పళ్ల మధ్య పెట్టుకుంది. ప్రశ్న అడిగి బోర్డువైపు తిరిగి నిలబడింది. ఏం చేసినా జవాబు కడుపులోంచి తన్నుకొచ్చేది. ఇంట్లో అత్త అప్పలకొండమ్మ మీద కూడా సాధన చేసింది.

"అత్తా, పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

అప్పలకొండమ్మ నిదానానికి పెట్టింది పేరు. గరిటెలోంచి అరచేతిలో పోసుకుని, ఊది, నాకి, కళ్లు మూసుకుని, మళ్లీ నాకేది.

"సాల్లేదు కదా? యేసెత్తాను ఉండు," అని ఉప్పు డబ్బా తీసేది రాజకుమారి.

"ఓలమ్మా! ఇంకా నోట్లోనే ఉన్నాది కదే. నన్నెందుకు అడగడం?" అని అత్త లబలబలాడేది. ఆ వారమంతా ఇంట్లో పులుసులు ఉప్పుకషాయాలు.

పరీక్ష రోజు తెల్లవారేసరికి పిడుగులాంటి వార్త వచ్చింది. పాఠం చెప్పాల్సింది ఆరు నెలలుగా ఆమె సాధన పాఠాలు చెబుతున్న ఫెరార్గంజ్ స్కూల్లో. అక్కడి ల్యాబ్ చూసుకునే యుగంధర్ భయ్యా ఫోన్ చేశాడు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అడుగంటింది, కొత్తది తెచ్చే ఓడ తుపాను గాలికి ఇంకా మద్రాసు వదలలేదు. ఆమె ఎంచుకున్న పాఠానికి ఆ నీళ్లే ప్రాణం. నీళ్లలో క్లోరైడ్ ఉందో లేదో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూపించే ప్రయోగం అది. క్లోరైడ్ ఉంటే నీళ్లు తెల్లగా విరుగుతాయి, లేకపోతే తేటగా ఉంటాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కాబట్టి అవి పనికిరావు. స్వచ్ఛమైన నీళ్లు కావాలి.

కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతున్న కోడల్ని అప్పలకొండమ్మ నిలదీసింది. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

"దీనికేనేటే ఇంత బెంగ? మన పీపాలో వాన్నీళ్లు లేవా? మొదటి వాన ఒగ్గీసి, గుడ్డ కట్టి మరీ పట్టినాను. పప్పు ఎంత బేగి ఉడుకుతాదో నీకు తెల్దా? ఆ కంపెనీ నీళ్లు వీటి కాలి గోటికి చాలవు. అట్టుకెల్లు."

రాజకుమారికి ప్రాణం లేచొచ్చింది. నిజమే కదా! ప్రకృతిలో దొరికే నీళ్లన్నిటిలోకీ వాన నీళ్లే స్వచ్ఛమైనవని తను చదివిన పుస్తకంలోనూ ఉంది, తను చెప్పే పుస్తకంలోనూ ఉంది. దీవిలో పుట్టినవాళ్లకు వాన నీళ్ల మీద ఉండే నమ్మకం వేరు. చంటిపిల్లకు పాలు కలపాలన్నా అవే, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయాలన్నా అవే. సీసా నింపుకుంది.

"కూకుని ఒక ఇడ్డెను తినీసి ఎల్లు," అంది అత్త.

"టైమ్ నహీ హై అత్తా, బస్సు ఎల్లిపోద్ది!"

ఒక ఇడ్లీ చేత్తో పట్టుకుని పరుగు తీసింది. ఆ పరుగులో చేయాల్సిన పని ఒకటి మర్చిపోయింది. క్లాసుకి తీసుకెళ్లే ముందు ఆ నీళ్లలో ఒక చుక్క వేసి చూసుకోవడం. ఏ నీళ్లనైనా ముందు ఉత్తగా పరీక్షించాలని ల్యాబ్‌లో పిల్లలకు నూటొక్కసార్లు చెప్పే మనిషి అలా మర్చిపోయిందంటే, అది తొందర ఒక్కటే కాదు, అత్త పీపా మీది నమ్మకం కూడా.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. లేచి డ్రైవరు వెనక నిలబడి, రోడ్డు తనే తోస్తున్నట్టు ముందుకు వంగింది. "దీదీ, బైఠ్ జావో నా," అని కండక్టరు రెండుసార్లు బతిమాలి ఊరుకున్నాడు.

పరీక్షాధికారి రాఘవయ్య గారు అప్పటికే వచ్చి వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. తెనాలి వైపు నుంచి కుర్రతనంలో మాస్టరుగా దీవులకి వచ్చి, ప్రిన్సిపాలుగా రిటైరై, డాలీగంజ్‌లో ఇల్లు కట్టుకుని ఉండిపోయిన మనిషి. నవ్వడం ఆయనకు తెలియదని బి.ఎడ్. వాళ్లలో ప్రచారం. ఆ ముఖం చూడగానే రాజకుమారికి మింగిన ఇడ్లీ గొంతులోకి వచ్చింది.

పదో తరగతి 'ఏ' సెక్షన్. పాఠమంతా హిందీలో జరిగింది. మన వీలు కోసం తెలుగులో చెప్పుకుందాం.

బల్ల మీద నాలుగు గాజు గొట్టాలు పెట్టింది. మొదటి దాంట్లో ఉప్పు నీళ్లు, రెండో దాంట్లో హైడ్రోక్లోరిక్ ఆసిడ్, మూడో దాంట్లో పంచదార నీళ్లు, నాలుగో దాంట్లో ఉత్త వాన నీళ్లు. మొదటి దాంట్లో సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టింది. పిల్లలు ఓహో అన్నారు. "ఎందుకు తెల్లబడింది?" అని అడిగి, "క్లోరైడ్ ఉంది కాబట్టి!" అని తనే చెప్పేసింది. నాలుక కరుచుకుంది. వెనక బెంచీలో రాఘవయ్య గారి పెన్ను కదిలింది. రెండోది కూడా తెల్లబడింది. "ఇదెందుకు?" అంది. "దీంట్లోనూ క్లోరైడే కదా!" అంది. పెన్ను మళ్లీ కదిలింది. అయిపోయానురా దేవుడా అనుకుంది.

"పంచదారలో క్లోరైడ్ లేదు. కాబట్టి ఇప్పుడు ఏమీ జరగదు, చూడండి," అని మూడో గొట్టంలో చుక్క వేసింది.

నీళ్లు మసకబారాయి.

మొదటి రెండింటంత చిక్కగా కాదు. బియ్యం కడిగిన నీళ్లలా పల్చగా. కానీ తెలుపు తెలుపే. గబగబా నాలుగో గొట్టంలో వేసింది. అదీ అంతే. "మేడమ్, యే భీ సఫేద్ హో గయా!" అని ముందు బెంచీ పిల్ల ఒకతి అరిచింది. ఇది కూడా తెల్లబడిందని ఆ పిల్ల చెప్పక్కర్లేదు. అందరికీ కనబడుతూనే ఉంది.

"ఎందుకు?" అంది రాజకుమారి. పిల్లల్ని కాదు, తనను తను అడుక్కుంది. కానీ పైకే అంది.

ఆ తర్వాత ఆమె నోట మాట లేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే కదా! మెదడు కడిగేసిన పలకలా ఉంది. గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని అలా నిలబడిపోయింది. రేకుల మీద వాన దడదడా కొడుతోంది. పిల్లలు ఆమె ముఖంలోకి చూశారు. జవాబు రాలేదు. ఇంకాసేపు చూశారు. అయినా రాలేదు. ఎప్పుడూ వెంటనే జవాబు చెప్పేసే మేడమ్ ఇలా ఊరుకుందేమిటని వాళ్లలో వాళ్లు చూసుకున్నారు.

"గొట్టం సరిగ్గా కడగలేదేమో," అన్నాడొకడు. ఇంకో గొట్టం తీసి మళ్లీ వేశారు. మళ్లీ తెలుపే. "పంచదార మంచిది కాదేమో," అంది ఒకతి. "మరి నాలుగో దాంట్లో పంచదార లేదు కదా," అని పక్కనున్నది నోరు మూయించింది. అప్పుడు మూడో బెంచీలోంచి వీరేంద్ర అనే పొడుగాటి కుర్రాడు లేచాడు.

"ఈ నీళ్లు ఎక్కడివి మేడమ్?"

"మా ఇంటివి. వాన నీళ్లు. బ్రూక్షాబాద్."

"అంటే సముద్రం పక్కన. మా మామయ్య ఇల్లు కూడా అటే. గాలి రోజుల్లో కిటికీ అద్దం నాకితే ఉప్పగా ఉంటుంది మేడమ్. రేకులు కూడా ఊరికే తుప్పు పడతాయి. ఆ ఉప్పే వానతో పాటు పీపాలోకి దిగి ఉంటుంది."

క్లాసంతా గోలగోల అయిపోయింది. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. తుప్పు పట్టిన సైకిళ్లు, తెల్లగా పొలుసులు కట్టిన గేట్లు, తడి ఆరని బట్టలు అన్నీ పాఠంలోకి వచ్చేశాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

స్టాఫ్ రూమ్‌లో రాఘవయ్య గారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు. "మొదట్లో నాకు నచ్చలేదమ్మా. నీ ప్రశ్నకి నువ్వే జవాబు చెప్పుకుంటున్నావు. కానీ తర్వాత ఆగావు చూడు, అలా ఆగిన టీచర్ని నా సర్వీసులో చూడలేదు. కావాలనే ఆ నీళ్లు తెచ్చి, పిల్లల చేతే చెప్పించావు. ఎంత ఓపికమ్మా నీకు!"

రాజకుమారి సంతోషంతో పొంగిపోవాలి కదా? ఒళ్లంతా తేళ్లు జెర్రులు పాకినట్టయింది. తనకు ఓపికట! చిన్నప్పటినుంచి ఎవరూ అనని మాట. నోరు మూసుకుని ఓ నమస్కారం పెడితే పని అయిపోతుంది. పాసు, పోస్టు, ధనరాజు ముఖంలో వెలుగు. నోరు మూసుకుందామనే అనుకుంది. కానీ జీవితంలో ఏ మాటనీ లోపల ఆపుకోలేని మనిషి ఇదొక్కటి ఎలా ఆపుకుంటుంది?

"నేను ఆగలేదు సార్! నాకు తెలీలేదు, అంతే. ఆ నీళ్లు మంచియే అనుకుని తెచ్చినాను. చెక్ కూడా చేసుకోలేదు. జవాబు తెలిస్తే ఎప్పట్లాగే చెప్పేసుందును సార్. సచ్ మే."

అనేశాక భయం వేసింది. రాఘవయ్య గారు కళ్లజోడు పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశారు.

"అయితే నేను నీ పాఠం ఇంకా చూడనట్టే," అన్నారు. "భోజనాలయ్యాక బీ సెక్షన్ ఉంది కదా. ఇదే పాఠం అక్కడ చెప్పు. ఇప్పుడు నీకు జవాబు తెలుసు. ఆగుతావో లేదో చూస్తాను."

తన కొంప తనే కూల్చుకుంది. టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా వరండాలో ఆ కొసనుంచి ఈ కొసకి తిరిగింది. ఏడుపొచ్చింది, కోపం వచ్చింది. అన్నీ తన నోటి మీదే.

బీ సెక్షన్‌లో మొదటి గొట్టం తెల్లబడింది. "ఎందుకు?" అని అడిగి గుప్పిళ్లు బిగించింది. ఒకరు చెప్పారు. రెండోది తెల్లబడింది. అడిగింది, ఆగింది, చెప్పారు. ఎలాగో గట్టెక్కింది. మూడోది, నాలుగోది మసకబారగానే తన గండం వచ్చిందనుకుని ఊపిరి బిగబట్టింది. "ఎందుకు?" అంది.

"సముద్రం ఉప్పు మేడమ్!" అని క్లాసు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

భోజనాల దగ్గర 'ఏ' సెక్షన్ వాళ్లు ఊరుకుంటారా? కథంతా చెప్పేశారు. పిల్లలు విజయగర్వంతో చూస్తున్నారు. పాఠం ముగిసిపోయింది, ఆమె ఆగాల్సిన అవసరమే లేకుండా పోయింది. వెనక బెంచీలో రాఘవయ్య గారు పెన్ను పక్కన పెట్టి చేతులు కట్టుకున్నారు. రాజకుమారి ఏదో ఒకటి అడగాలి.

"సరే. అది నిజమేనని ఎలా చెప్పగలం?"

గొంతులన్నీ ఆగిపోయాయి. 'ఏ' సెక్షన్ వాళ్లు ఇది చెప్పలేదు మరి.

రాజకుమారికి జవాబు తెలుసు. నిక్షేపంలా తెలుసు. ఓడ వచ్చాక అసలైన డిస్టిల్డ్ వాటర్‌తో పోల్చి చూడాలి. ఒక్క వాక్యం. అది నాలుక చివరికి వచ్చి నిలబడింది. పళ్లు బిగించింది. అది పళ్ల మీద తన్నింది. ముందు బెంచీ పిల్లలు ఆశగా చూశారు, చెప్పేస్తుందని. చెప్పలేదు. ఒకడు తల గోక్కున్నాడు. ఇంకొకడు కిటికీలోంచి బయటికి చూశాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చేతులు కట్టేసినట్టుంది ఆమె పరిస్థితి. బల్ల అంచు పట్టుకుంది. అయ్యా, అమ్మా, ఎవరైనా నోరు తెరవండి అని మనసులో మొక్కుకుంది. ఈ నిశ్శబ్దంలో పిల్లల ముఖాలు ఇలా ఉంటాయని ఆమె ఇంతవరకు చూడనేలేదు. ఎప్పుడూ దాటేసి వెళ్లిపోయేది. ఇప్పుడు చూస్తోంది. చివరి బెంచీలో దీపిక అనే పిల్ల, ఆరు నెలల్లో ఒక్కసారీ గొంతు విప్పనిది, పెదాలు కదుపుతోంది. కదిపి ఆగిపోయింది. రాజకుమారి ఆ పిల్లకేసి చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూసింది. దీపిక లేచి నిలబడింది.

"మేడమ్, మా ఇల్లు ఇక్కడే, పొలాల్లో. సముద్రం కనబడదు. మధ్యలో కొండ ఉంది. మేము కూడా రేకుల మీద వాన నీళ్లే పడతాం." ఆగింది. రాజకుమారి కూడా ఆగింది. "మా పీపాలో నీళ్లు తెచ్చి ఇలాగే చుక్క వేస్తే? అవి తేటగా ఉంటే అది సముద్రం ఉప్పే. మావి కూడా తెల్లబడితే... అప్పుడు వేరే ఏదో ఉన్నట్టు."

రాజకుమారి నాలుక చివర నిలబడ్డ వాక్యం కాస్తా ఎటో పోయింది. ఇది ఆమెకు తట్టనేలేదు. ఓడ కోసం చూడక్కర్లేదు, మద్రాసు నీళ్లక్కర్లేదు. జవాబు ఇక్కడే, ఈ పిల్ల ఇంటి చూరు కింద ఉంది. ఆ జవాబు ఏమిటో నిజంగానే తనకు తెలియదు. "రేపు తీసుకురా దీపికా," అంది. అంతే, మా ఇంటివి తెస్తామంటే మా ఇంటివి తెస్తామని చేతులు లేచాయి. కొండ ఇవతల ఇళ్లవీ, అవతల ఇళ్లవీ అన్నీ తెమ్మంది.

గంట కొట్టింది. పిల్లలు బయటికి వెళ్తుంటే రాఘవయ్య గారు వెనక బెంచీలోంచి లేచి గబగబా బల్ల దగ్గరికి వచ్చారు.

"పాసయ్యానా సార్?"

"ఆఁ, మార్కులు వేసేశానమ్మా, బాగానే వేశాను. అది కాదు." ఆయన మసకబారిన నాలుగో గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "రేపు నేనుండను. పొద్దున్నే రంగత్ వెళ్లాలి, అక్కడ ఇంకో పాఠం చూడాలి. ఆ అమ్మాయి ఇల్లు ఇక్కడే అంది కదా? నా కారు ఉంది. ఇప్పుడే వెళ్లి ఓ సీసాడు నీళ్లు తెచ్చేసుకుని, ఓ చుక్క వేసి చూసేద్దామా? ఎంతసేపు?"

రాజకుమారి ఆ పెద్దమనిషిని తేరిపార చూసింది. ఆయన కారు తాళాలు అప్పుడే చేతిలో ఉన్నాయి.

"రేపు పిల్లలొచ్చేదాకా ఆగాలి సార్," అంది. ఆ నీళ్ల కోసం ఆయనకంటే ముందు పరుగెత్తాలని కాళ్లు లాగుతుంటే బల్ల అంచు మాత్రం వదల్లేదు.